ముందు రేకు మీద పేరు

“పాప పేరు తీసీసి బాబు పేరెట్టీ బావా” అన్నాడు అరుణ్ కుమార్, టైరుకి గాలి పట్టమన్నంత తేలిగ్గా. అనేసి, ట్రాలీ ఆటో తాళాలు నా టేబుల్ మీద పడేసి, ఎదర కొట్లో టీ తాగడానికి బయల్దేరాడు. పోయేవాడు పోకుండా గుమ్మంలోంచి మళ్లీ తిరిగి, “శాంతికుమార్ అని పూర్తిగా కొయ్యి. ఉత్తి శాంతి అని వదిలీసేవంటే ఆడపిల్లనుకుంటారు” అన్నాడు. అనుకుంటే ఏం పోయిందిరా? నీ బండి ముందు రేకు మీద ఇన్నేళ్లూ ఉన్నది ఆడపిల్ల పేరే కదా, ఆ పేరు పెట్టుకునే కదా పూడిమడక నుంచి అనకాపల్లికి చేపలు మోసుకొచ్చావు, దీనా బండి వచ్చిందంటే కదా బజార్లో ఆడవాళ్లు బుట్టలు పట్టుకుని లేచేవారు. ఇవన్నీ అడగాలి. అడగలేదు. తలూపాను. నా తలకాయతో వచ్చిన తంటా ఇదే, ఎవడేం చెప్పినా ముందు అది ఊగుతుంది, కోపం వెనకాల తీరుబడిగా నడిచొస్తుంది, అది వచ్చేసరికి అవతలివాడు రోడ్డు దాటేసి బెంచీ మీద కాలు మీద కాలేసుకుని కూచునుంటాడు. ఇప్పుడొచ్చింది. చెవులదాకా వచ్చింది. వాడక్కడ గ్లాసు ఊదుకుంటున్నాడు, టీ కొట్టువాడితో ఏదో నవ్వుతున్నాడు, వాడి నవ్వు ఇక్కడిదాకా వినపడుతోంది, పూడిమడక రోడ్డులో ఇన్ని బెల్లం బళ్లు హారన్లు కొట్టుకుంటూ పోతున్నా వినపడుతోంది.

రోజూ మధ్యాహ్నం పోయే కరెంటు ఇవాళ పోలేదు. పోతే బాగుండేది, మిషను ఆగిపోయింది, రేపు రా అనేవాణ్ని. కరెంటువాళ్లకి కూడా నా మీద కక్షే. కంప్యూటర్లో శాంతికుమార్ అని కొట్టాను. ఒళ్లు మండిపోతున్నవాడి చేత శాంతి అని కొట్టిస్తున్నారు. అక్షరాలు సాగదీశాను, ఒకదానికొకటి అతికేలా కలిపాను, మిషనుకి పసుపు స్టిక్కరు రోలు ఎక్కించాను. తాళాలు పడేసేటప్పుడే వాడు ఎరుపు అడిగాడు, అయిపోయిందన్నాను. నిండు రోలు రాక్ మీద వాడి ముక్కు ఎదురుగానే ఉంది, అయినా అయిపోయిందనే అన్నాను. ఎరుపు దీనాది. మిషను కత్తి కిర్రుకిర్రుమంటూ అటూ ఇటూ తిరిగింది, కాసేపటికి రోలు బయటికి తోసింది. ఇప్పుడు సూది పట్టుకుని చుట్టూ ఉన్న వృథా అంతా లేపి లాగాలి, అక్షరాలు మాత్రం కాగితాన్ని పట్టుకుని ఉండాలి. తర్వాత సున్నా మధ్యలో బొట్టు, ర కడుపులో చిక్కుకున్న ముక్క, ఒక్కోటీ పొడిచి తీయాలి. తీస్తూ అనుకున్నాను, పిల్లాడి మీద నాకేం కోపం? వాడింకా పాకుతున్నాడు. మొన్న చర్చిలో రోజలిన్ ఒళ్లోంచి జారి నా చెప్పు పట్టుకుని నోట్లో పెట్టుకోబోయాడు, ఎత్తుకుంటే మీసం లాగాడు. పేరు కోసినంత మాత్రాన వాడు నాకేమీ చేదు కాడు. రోజలిన్ కూడా ఏం పాపం చేసింది, రెండో పెళ్లివాణ్ని చేసుకుంది, వాడి బండి మీద తన కొడుకు పేరు చూసుకోవాలనుకుంది. కోపమంతా ఆ బెంచీ మీద కూచున్నవాడి మీదే. దాన్ని ఎంత నలుగురికి పంచుదామన్నా మళ్లీ అక్కడికే పోతోంది.

ఎందుకంటే దీనా పేరు నేనంటించాను. బండి షోరూం నుంచి సరాసరి నా దగ్గరికే వచ్చింది, రేకుకి నీలం రంగు తళతళలాడుతోంది, మా చెల్లి పుష్పకుమారి ముందు సీట్లో కూచుని దిగనంటోంది, దాని ఒళ్లో దీనా, నోట్లో వేలు. అప్పటికి నేను ఈ పని కొత్తగా నేర్చుకున్నాను, చేత్తో రంగు బోర్డులు రాసేవాణ్ని, మిషను ఇంకా చెప్పిన మాట వినేది కాదు. అక్షరాలు కలపడం మరిచిపోయి కోతకి పంపాను. గుడి ద మీదికి ఎక్కినచోట కత్తి అడ్డంగా తిరిగేసింది, సన్నటి గీత పడింది. మళ్లీ కోస్తానంటే పుష్ప ఒప్పుకోలేదు. “ఇంత ఎర్రగా ఉంటే గీత ఎవలు సూత్తారన్నయ్యా, అంటించీ, చీకటడితే పాస్టరుగారు దొరకరు, బండికి ప్రార్థన సేయించాల” అంది. సబ్బునీళ్లు చల్లి, అక్షరాలు మోపి, పాత ప్లాస్టిక్ కార్డుకి గుడ్డ చుట్టి మధ్య నుంచి అంచులకి నొక్కుకుంటూ పోయాను, నీళ్లు కారుతుంటే దీనా తన గౌను అంచుతో తుడిచింది. అప్పుడు అరుణ్ కుమార్ ఏం చేశాడో తెలుసా, రోడ్డు మీద మోకాళ్ల మీద కూచుని కూతురు పేరు దగ్గర మొహం పెట్టి గాలి బుడగలున్నాయేమో అని చూశాడు. వీడే. ఈ టీ తాగుతున్నవాడే. ఒక బుడగ కనపడితే, “పిన్నీసుతో పొడు బావా, పాప పేరుకి ఒంక ఉండకూడదు” అన్నాడు. ఆ మాట అన్న నోటితోనే ఇవాళ తీసెయ్యమన్నాడు, నోరు అదే, మీసం కూడా అదే.

కామెర్లొచ్చి పుష్ప పోయినప్పుడు నా మెడ పట్టుకుని ఏడ్చాడు. ఏడిస్తే నమ్మాను. ఏడాది తిరక్కుండా పెళ్లన్నాడు, సరే, వయసులో ఉన్నవాడు, చేపల లోడుకి తెల్లారకుండా పోవాలి, ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి. పిల్లని వేసవి సెలవులకి ఉంచుకోమని మా ఇంట్లో దింపాడు, సంచీలో రెండు గౌన్లు, ఒక పలక. ఆ సెలవులు ఇంకా అయిపోలేదు. ఇక్కడే బళ్లో వేశాం, మూడో క్లాసుకి వచ్చింది, మా ఆవిడ జడలేస్తుంది, మా అమ్మ పక్కలో పడుకోబెట్టుకుంటుంది, కడుపుకి లోటు లేదు. ఆదివారం వస్తే మాత్రం ఆరాధన అయ్యీ అవగానే చర్చి గేటు పట్టుకుని రోడ్డుకేసి చూస్తుంది. ఈ ఊళ్లో ట్రాలీ ఆటోలన్నీ నీలమే, దూరం నుంచి వస్తుంటే ఏది ఎవరిదో నాకే తెలీదు, దానికి తెలుస్తుంది, ముందు రేకు మీద ఎర్రగా రెండక్షరాలు కనపడగానే గేటు వదిలి పరిగెడుతుంది. వాడొచ్చేది నెలకొక ఆదివారం. రాని ఆదివారాలకి జవాబు నేను చెప్పాలి. నాన్నకి పడవలు ఆలస్యంగా వచ్చాయమ్మా, నాన్న బండికి క్లచ్ తీగ తెగిందమ్మా, వచ్చే వారం తప్పకుండా వస్తాడమ్మా. వాడు ఒక్కసారి కూడా ఫలానాది చెప్పు బావా అని అడగలేదు, నేనే కూచుని కొత్తకొత్తవి అల్లాను, నాకెంత బాగా వచ్చిందంటే వాడు కూడా అంత బాగా ఆడలేడు అబద్ధం. పెంచడం నా వంతు, బొంకడం నా వంతు, ఇప్పుడు పేరు పీకడం కూడా నా వంతే. వాడి వంతు టీ తాగడం.

పూడిమడక ఉప్పుగాలికి స్టిక్కరు ఆగదు. ఆ గీత పడ్డచోటే అంచు లేచింది, ద మీద గుడి కొస. దీనా ప్రతిసారీ వేలు తడిచేసుకుని ఆ కొసని నొక్కుతుంది, నొక్కి, కాసేపు అలాగే పట్టుకుంటుంది, వదిలితే మళ్లీ లేస్తుంది. మొన్న ఆదివారం వాడితో అంది, నేను పక్కనే ఉన్నాను, “నాన్నా, ఇది ఊడిపోతంది, మావయ్య సేత కొత్తది అంటించీ” అని. వాడు “అలాగేనమ్మా” అన్నాడు. అదీ వాడి అలాగే. వచ్చాడు, మావయ్య చేత కొత్తది అంటించుకోవడానికే వచ్చాడు, పిల్ల చెప్పినమాట జవదాటలేదు మహానుభావుడు.

రెండూ పెట్టుకోరా అన్నాను, వాడు తాళాలు పడేసేలోపే అన్నాను, కొంచెం గట్టిగానే అన్నాను. పైన ఒకటి కింద ఒకటి పెడతాను, పక్కపక్కన పెడతాను, బాబుదే పెద్దది చేస్తాను. “ముందు రేకు సిన్నది బావా, ఒక్కటే బాగుంటాది” అన్నాడు. ఎవరికి చెప్తున్నాడు? దేవరాపల్లి నుంచి వచ్చిన చెరకు ట్రాక్టరు మీద ముగ్గురు కొడుకుల పేర్లు, ఇద్దరు కోడళ్ల పేర్లు, ఊరి అమ్మవారు, రెండెడ్ల బొమ్మ, ఇన్ని పట్టించిన చెయ్యి ఇది. అచ్యుతాపురం కంపెనీ బస్సు పక్క రేకు మీద కొస నుంచి కొసకి ఇంగ్లీషు అక్షరాలు ఒక్క బుడగ లేకుండా ఎక్కించాను, కిటికీ పట్టీలు అడ్డమొస్తే అక్షరం ఎక్కడ కోసి ఎక్కడ కలపాలో చూసుకున్నాను. వీడి రేకు మీద కూతురికి జాగా లేదట. జాగా లేనిది రేకు మీద కాదని వాడికీ తెలుసు నాకూ తెలుసు. “మరి ఇంట్లో ఊరుకోరు బావా” అన్నాడు ఆఖరికి, నేల చూస్తూ. ఇంట్లో ఎవరు ఊరుకోరో చెప్పలేదు. ఎవరో ఒకరు ఊరుకోకపోవడం వాడికి ఎప్పుడూ ఉంటుంది, వాడి పనులన్నీ వాడివల్ల కాదు, పక్కవాళ్లవల్లే జరుగుతాయి.

శాంతికుమార్ మీద, అక్షరాలన్నీ చెదరకుండా ఒక్కసారే లేవడానికి, అతుకు టేపు పరిచి, నొక్కి, టేబుల్ మీద పెట్టాను. హెయిర్ డ్రయ్యర్ తీసుకుని, వైరు లాక్కుంటూ బండి దగ్గరికి వచ్చాను. బండి నిండా చేపల కంపు, కడిగినా పోని కంపు, ఈగలు. ఎండ సూటిగా రేకు మీద పడుతోంది. మొదట్లో నెత్తురంత ఎర్రగా ఉన్నది ఇప్పుడు రోజాపువ్వు రంగుకి వచ్చేసింది, రేకు నీలం కూడా పాలిపోయి బూడిద తిరిగింది. వేడి పెట్టాను. గోరు ఆ గుడి కొస కింద దూర్చాను. దూరింది. ఇంకొంచెం లేపితే వచ్చేస్తుంది, వేడి మీద జిగురు మెత్తబడితే ఎంత పాతదైనా వచ్చేస్తుంది, రోజూ చేసే పనే, పార్టీ జెండాలు పీకాను, మూతబడ్డ ఫైనాన్స్ కంపెనీల పేర్లు పీకాను, విడిపోయిన అన్నదమ్ముల పేర్లు పీకి ఒకడిదే ఉంచాను, ఎప్పుడూ చెయ్యి ఆగలేదు. గోరు కింద ఏదో చల్లగా తగిలినట్టయింది, ఎండలో కాలిపోతున్న రేకు చల్లగా ఎలా ఉంటుంది, దీనా నొక్కినప్పుడల్లా పెట్టిన ఉమ్మి తడి అక్కడే ఉండిపోయిందేమో అనిపించింది. పిచ్చి. ఉప్పుగాలి ఉంచుతుందా తడిని. చెవులు కుట్టించిన రోజు అది నా ఒళ్లోనే కూచుంది, మేనమామ ఒళ్లో కూచోబెట్టాలి కదా, కంసాలి తీగ గుచ్చగానే నా చొక్కా జేబు చింపేసింది, ఏడుస్తూ కూడా జేబు వదల్లేదు. గోరు వెనక్కి తీశాను. బడి గంట కొట్టే వేళవుతోంది. కొట్టాక అది ఇంటికి పోదు, ముందు ఇక్కడికే వస్తుంది, వృథా ముక్కలు ఏరుకుని పుస్తకాలకి అంటించుకుంటుంది. అది వచ్చేలోగా పని కానిచ్చెయ్యాలి, లేదా వీణ్ని తరిమెయ్యాలి, ఏదో ఒకటి చెయ్యాలి, నేను డ్రయ్యర్ పట్టుకుని గాలిని వేడి చేస్తూ నిలబడ్డాను.

నా కోసం ప్లాస్టిక్ కప్పులో టీ పట్టుకుని వచ్చాడు. “ఇంకా మొదలెట్టలేదేటి?” అన్నాడు.

“ఊళ్లో ఇన్ని షాపులున్నాయి కదా, నా దగ్గరికే ఎందుకొచ్చేవు?” అన్నాను. ఇన్నాళ్లకి కోపం తలకాయ కంటే ముందొచ్చింది.

“అదేటి బావా, పరాయోడి దగ్గరికెల్తానా” అన్నాడు. కప్పు నా చేతికి ఇవ్వబోయాడు, నేను తీసుకోలేదు, ఏం చెయ్యాలో తెలీక బండి మీద పెట్టాడు. “నువ్వయితే ఎవలూ ఏటీ అనరు. పిల్ల మేనమావే తన సేత్తో తీసేడంటే ఇంక సర్చిలో మాట్లాడ్డానికేటుంటాది.”

అదీ సంగతి. ఎంత తీరికగా చెప్పాడు. ఇంటి నుంచి ఇక్కడికి వచ్చేదాకా ఆలోచించుకునే వచ్చాడన్నమాట, బండి తోలుతూ, హారన్ కొడుతూ, పుష్ప అన్న చేతనే తీయిస్తే పుష్పవాళ్లంతా ఒప్పుకున్నట్టే, పాప ఏడిస్తే నేనేటి సేత్తాను మీ మావయ్యే తీసేడు అనొచ్చు. నా చేతికి ఆ పెద్దరికం ఉందని నాకు గుర్తులేదు కానీ వీడికి గుర్తుంది. చెవులు కుట్టినప్పుడు పట్టుకున్న చెయ్యి, పెళ్లికి పట్టుకోవలసిన చెయ్యి, దాన్ని వీడు అద్దెకి తీసుకుందామని వచ్చాడు. నాకు వాడి చెంప పగలగొట్టాలనిపించింది. నిజంగా అనిపించింది, చెయ్యి లేవబోయింది కూడా. దాని బదులు డ్రయ్యర్ వాడి చేతిలో పెట్టాను.

“నువ్వు తియ్యి. కొత్తది కావాలంటే నేనంటిత్తాను. ఇది మాత్రం నువ్వే తియ్యాల.”

“నాకు రాదు బావా.”

“రావడానికేటుంది. గోరు దూర్చు, లాగు.”

చుట్టూ చూశాడు, ఊరుకోనివాళ్లు ఎవరైనా ఉన్నారేమో అని. ఎవరూ లేరు. రేకు ముందు మోకాళ్ల మీద కూచున్నాడు, అప్పుడు బుడగల కోసం కూచున్నట్టే కూచున్నాడు. వేడి ఒక చోటే పెట్టాడు, గోరుతో గీకాడు, ఎదరికి లాగాడు. గుడి కొస పుటుక్కున తెగింది. ద ముక్కలు ముక్కలుగా వచ్చింది, వేళ్లకి అంటుకుంది, విదిలిస్తే చొక్కాకి అంటుకుంది. చెమటలు కారుతున్నాయి. నేను సాయం చెయ్యలేదు. చెయ్యి ఊరుకోవడం లేదు, తప్పుగా చేస్తున్నవాణ్ని చూస్తే నా చేతికి దురద, అయినా వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. మొదటి అక్షరం పోయింది. పోయినచోట అక్షరం ఉంది. స్టిక్కరు కింద ఎండ తగలని నీలం షోరూంలో ఉన్నంత తళతళగా అలాగే ఉంది, ద, దాని మీద గుడి, గుడి కింద నేను కోసిన తప్పు గీత కూడా. వాడు గుడ్డతో తుడిచాడు. ఇంకా తేటపడింది. కిరసనాయిలు పోసి రుద్దాడు, జిగురు పోయి మరింత మెరిసింది.

“ఇదేటి బావా, పోదేటి?”

“అది స్టిక్కరు కాదు. నీ బండి రంగే” అన్నాను.

బడి గంట వినపడలేదు నాకు. “నాన్నా!” అని మాత్రం వినపడింది. సంచీ వీపు మీద ఎగురుతుంటే రోడ్డు వారనే పరిగెత్తుకొచ్చింది, ఒక జడ ఊడింది. ఆదివారం కాని రోజున నాన్న. వాడు లేవబోయి లేవలేక అలాగే ఉండిపోయాడు, చేతిలో డ్రయ్యర్ మోగుతూనే ఉంది. దీనా రేకు చూసింది, వాడి వేళ్లకున్న ఎర్ర ముక్కలు చూసింది. దాని మొహం వెలిగిపోయింది. “నేను సెప్పేనని తెచ్చేవా? కొత్తది ఏయించడానికేనా?” అంది. సంచీ కింద పడేసి వాడి పక్కన కూచుంది. “అలా లాగితే ముక్కలైపోద్ది నాన్నా. పక్కకి లాగాల, మెల్లిగా. మావయ్య అలాగే తీత్తాడు. ఉండు నేను తీత్తాను.” వేడి ఇలా పెట్టు అని వాడి మణికట్టు పట్టుకుని తిప్పింది. రెండో అక్షరం ‘నా’ కొస కింద చిన్న గోరు దూర్చి, నాలిక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, రేకుకి దగ్గరగా పక్కవాటున లాగింది. దీర్ఘంతో సహా అక్షరం నిండుగా, ఒక్క చిరుగు లేకుండా వచ్చింది. అంత బాగా నేను కూడా తీసుండను. దాన్ని తన అరచేతికి అంటించుకుని నాకు చూపించింది. వద్దే అనాలి. తలూపాను.

“కొత్తది నేను తెత్తాను, లోపలుందా?” అంటూ లేచింది, నేను అడ్డు పడేలోపే లోపలికి పోయింది. రోజూ తెచ్చిపెట్టేది అదే కదా. టేబుల్ మీద ఉన్నది ఒక్కటే.

అరుణ్ కుమార్ డ్రయ్యర్ ఆపేశాడు. రేకు మీద దీనా అని పూర్తిగా కనపడుతోంది, కొత్త నీలంలో, ఏ గాలికీ లేవకుండా. వాడు దాన్ని చూడ్డం లేదు, నన్ను చూస్తున్నాడు. “బావా” అన్నాడు గొంతు తగ్గించి, “పిల్లకి నువ్వే ఏదోటి సెప్పు. నీ మాటైతే ఇంటాది.”

దీనా బయటికి వచ్చింది. టేపు మడత పడకుండా రెండు అరచేతుల మీద పరుచుకుని, నడకలో జాగ్రత్త. “తమ్ముడి పేరు కూడా ఏత్తన్నారా? పసుపు బాగుంది” అంది. బండి మీద ఆనించడానికి జాగా చూసుకుని, చూసుకుని, నావైపు తిరిగింది. “మరి నాదేది మావయ్యా, ఇంకా కొయ్యలేదా?”

నా నోట్లో అన్నీ సిద్ధంగా ఉన్నాయి. రోలు అయిపోయిందమ్మా, కరెంటు పోతుందమ్మా, రేపు కోస్తానమ్మా, నాన్నకి లోడు ఉంది, వచ్చే ఆదివారం అంటిస్తాను. ఇన్నాళ్లు వాడి కోసం ఆడినవన్నీ వరసలో నిలబడి ఉన్నాయి, ఏది పిలిస్తే అది వస్తుంది, దీనా నమ్ముతుంది, మళ్లీ గేటు పట్టుకుని నిలబడుతుంది, వాడు బండెక్కి పోతాడు. దాని వేళ్ల నిండా జిగురు. దాని మొహం చూస్తే ఏదో ఒకటి చెప్పేసేవాణ్నే. అందుకని వాడి మొహం చూశాను.

“నాకు తెలీదమ్మా. మీ నాన్ననడుగు” అన్నాను.

అది అటు తిరిగింది. అనుమానమే లేదు దాని గొంతులో.

“నాది ఏ రంగులో కొయ్యమన్నావు నాన్నా?”